కెమెరా మీద తువ్వాలు

మానవజాతి నిప్పును కనిపెట్టింది, చక్రాన్ని కనిపెట్టింది. ఆ తర్వాత కాస్త విశ్రాంతి తీసుకుని, బందరులో వర్చువల్ నర్సును కనిపెట్టింది. ఆసుపత్రి పేరు మాత్రం చెప్పను. (రేపు నాకే ఒంట్లో బాగోకపోతే ఏ మొహం పెట్టుకుని అక్కడికి వెళ్లను?)

పథకం చాలా గొప్పది. మొదటి దశలో, వార్డులో ఉన్న నర్సులందరినీ మేడ మీదికి ఎక్కించి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, తెరల ముందు కూర్చోబెట్టారు. కింద ప్రతి మంచానికీ ఒక టీవీ, ఒక కెమెరా బిగించారు. "ఇదివరకు నర్సు ఒక రోగి దగ్గరే ఉండేదండీ. ఇప్పుడు ఒకేసారి అందరి దగ్గరా ఉంటుంది" అని వివరించారు చంద్రశేఖర్ గారు. ఆయన వర్చువల్ నర్సింగ్ ప్రణాళికా, విస్తరణ విభాగానికి అధిపతి. ఎవరి దగ్గరా లేకుండా అందరి దగ్గరా ఉండటం ఇన్నాళ్లూ దేవుడొక్కడికే చేతనయ్యేది.

నిబంధన ఒక్కటే. వర్చువల్ నర్సు రోగిని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే మామూలు నర్సయిపోతుంది, టీవీల ఖర్చంతా దండగ. (చిలకలపూడి గిల్టు నగల పక్కన పుట్టి పెరిగినవాళ్లం కాబట్టి మాకిది కొత్తగా అనిపించలేదు. మెరుస్తోందా లేదా, అంతే. గీకి చూడకూడదు.)

ఇలాంటి చోట మా బావ చలపతిరావుకి హెర్నియా ఆపరేషన్ జరిగింది. పెదపారుపూడిలో ఎకరాలకెకరాలు ఒంటిచేత్తో ఊడ్పించిన మనిషి. పొద్దున్న డాక్టరు గారొచ్చి, సాయంత్రంలోగా యూరిన్ రాకపోతే పైపు వేస్తామన్నారు. పైపు అన్న మాట వినగానే బావ మొహంలో నెత్తుటి చుక్క లేదు. పడుకుంటే రావడం లేదు, లేచి నిలబడాలి. మొదటిసారి లేచేటప్పుడు నర్సే పట్టుకోవాలి, నేను పట్టుకుంటే కుట్లు ఊడతాయని డాక్టరు గారు మరీమరీ చెప్పి వెళ్లారు.

టీవీ వెలిగింది. "నమస్తే చలపతిరావు గారూ, నేను రెబెకానండీ. మీ పక్కనే ఉన్నాను."

బావ మంచానికి అటూ ఇటూ చూశాడు. తర్వాత టీవీని చూసి, "భోంచేశావా అమ్మా?" అన్నాడు. (మా వైపు ఆ మాట అడక్కుండా విషయంలోకి దిగటం అమర్యాద. ఎదుట ఉన్నది మనిషా, టీవీయా అన్నది తర్వాత సంగతి.)

"అయిందండీ. ఇదిగో, చెయ్యిస్తున్నాను, లేవండి" అంది రెబెకా, ఇబ్బందిగా. తెర మీద ఒక చెయ్యి బొమ్మ వచ్చింది. (రెండో చెయ్యి రెండో దశలో వస్తుందట.)

బావ ఆ చేతికేసి చూశాడు. "అది సరేనమ్మా. ఆడపిల్లవి, నువ్విలా చూస్తూ ఉంటే నాకెలా వస్తుంది?" అని, భుజం మీద తువ్వాలు తీసి, పడుకున్నచోటి నుంచే మర్యాదగా కెమెరా మీద కప్పేశాడు.

వెంటనే టీవీలో ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి: మంచం ఖాళీ. రోగి కోలుకుని వెళ్లిపోయారు.

కాసేపటికే నాగాయలంక నుంచి సీమోను అనే పెద్దమనిషి దిండూ ఫ్లాస్కూ పట్టుకుని దిగాడు. "ఈ మంచం నాకిచ్చారండీ. మీరింకా ఉన్నారని తెలీదు, ఏమనుకోకండి."

"అయ్యో, దాందేముంది, కూర్చోండి" అని బావ మూలుగుతూ జరిగి చోటిచ్చాడు. "భోంచేశారా?"

నేను పరుగెత్తి చంద్రశేఖర్ గారిని లాక్కొచ్చాను. ఆయన మంచం పక్కనే నిలబడి, చేతిలో ఫోను చూస్తూ, "ఈ పేషెంటు ఎక్కడా కనపడట్లేదండీ" అన్నారు.

"నేనేనండీ!" అన్నాడు బావ.

"విజిటర్ల టైమ్ అయిపోయిందండీ."

తువ్వాలు తీసేస్తే సరిపోతుంది కదా అన్నాను. సిస్టమ్ ఒకసారి పంపించేశాక వెనక్కి తీసుకోదట. రోగి స్వయంగా కౌంటరు దాకా నడిచెళ్లి మళ్లీ చేరాలట. "లేచి నిలబడటానికే కదండీ మనిషి లేక చస్తున్నాం!" అని అరిచాను. నాకు నిజంగానే ఒళ్లు మండిపోయింది. కిటికీలోంచి ఎండ జారిపోతోంది. బావ నా చెయ్యి పట్టుకుని, "పైపు వద్దని చెప్పరా" అన్నాడు, చిన్నపిల్లాడి గొంతుతో.

అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. రెబెకా. మెడలో హెడ్‌ఫోన్లు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి.

"భుజం పట్టుకోండి బాబాయ్. నేనటు తిరిగే ఉంటాను."

బావ లేచాడు. నిలబడ్డాడు. ఆ తర్వాత డబ్బాలో ధార పడ్డ చప్పుడు వినిపించింది. పంటకాలవకి నీళ్లొదిలినప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు. కళ్లు తుడుచుకున్నాను, సిగ్గేమీ లేదు. సీమోను రెండు చేతులూ ఎత్తి "స్తోత్రం!" అన్నాడు. పక్క మంచాల వాళ్లు చప్పట్లు కొట్టారు.

చంద్రశేఖర్ గారు మాత్రం బాగా నొచ్చుకున్నారు. అయినా పథకానికి మచ్చ రాలేదు. ఏ నర్సూ లేకుండా అందరికంటే త్వరగా కోలుకున్న రోగిగా మా బావ నివేదికకెక్కాడు. దాన్ని చూసుకుని గుడివాడకీ, చల్లపల్లికీ విస్తరిస్తున్నారు.

రెబెకా మీద విచారణ జరిగింది. అనుమతి లేకుండా రోగిని ముట్టుకున్నట్టు రుజువైంది. శిక్షగా ఆమెను మేడ మీంచి దించి, కింద రోగుల మధ్య పడేశారు. మిగతా నర్సులంతా అలాంటి తప్పు జరక్కుండా జాగ్రత్తగా ఉన్నారు.