చెరువుకు చీటీలు

గ్రంథాలయంలో ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరైన మనిషిని కట్టుకున్న కష్టం పగవాళ్లకు కూడా వద్దు. ఉప్పు డబ్బా మీద 'ఉప్పు' అని చీటీ అతికించాడాయన, సరే. చీటీలు దాచే డబ్బా మీద 'చీటీలు' అని మరో చీటీ అతికించిన రోజున, ఇక మిగిలింది తానొక్కతేనని ఇల్లాలికి అర్థమైపోయింది.

ఆ ఉదయం ఆమె అనుకున్నది చిన్న పనే. పదింటికి చేపల శాఖ అధికారి వస్తాడు. ఆమె చేపలు పెంచే చెరువు బాగుందని సంతకం పెడితే కౌలు ఇంకో అయిదేళ్లు సాగుతుంది. లేదంటే ఆమె రెండేళ్ల కష్టం నీళ్లపాలే. నీటి పరీక్ష కాగితం తేవడానికి ఆరింటికే బయల్దేరింది.

"మీరు గట్టు ఊడ్చి కూర్చోండి, చాలు. దేన్నీ సర్దకండి."

"నేనెప్పుడు సర్దానే?" అన్నాడాయన, ఆమె చెప్పుల్ని జతగా జరుపుతూ.

గట్టు ఊడ్చాక చెరువులోకి చూశాడు. పైపైన మేసే బొచ్చెలు, నడుమ తిరిగే శీలావతులు, అడుగున బురద వెతుక్కునే మోసులు, మూడు జాతుల చేపలూ ఒకే నీళ్లలో! ఆయన ప్రాణం ఉసూరుమంది.

"వంటల పుస్తకాల్లో వ్యాకరణం దూరినట్టుందిరా," అన్నాడు, సాయానికొచ్చిన బావమరిదితో.

"అక్క కావాలనే కలిపింది బావా. ఒకటి వదిలేసింది ఇంకోటి తింటుందిట."

"ఎంగిలా! అధికారి వింటే పరువేం కాను? వల పట్రా."

తొమ్మిదింటికల్లా చెరువులో ఒక మూల మూడు వలగదులు లేచాయి. చిక్కిన చేపలన్నీ జాతుల వారీగా అందులోకి చేరాయి. గదికొక చీటీ. మూడింటిలోనూ తేలే మేతను సమంగా చల్లాడాయన. బొచ్చెలు ఎగబడ్డాయి. మోసులు పైకి తొంగి కూడా చూడలేదు.

"వీటికి జబ్బు చేసిందిరోయ్!" అని గట్టిగా అరిచి, నేరుగా అధికారికే ఫోన్ చేశాడు. ఆ కబురు వీధి మొదట్లో ఒక చేప జలుబుగా బయల్దేరింది. వీధి చివరికి చేరేసరికి చెరువు చెరువంతా చచ్చిపోయింది.

ఆమె తిరిగొచ్చేసరికి గట్టు నిండా జనం. "ఇక మీ చేపలు నాకొద్దమ్మా," అంటున్నాడు చేపల కొట్టువాడు. అధికారి అప్పటికే అమ్మకాలు ఆపమనే కాగితం మీద కలం పెట్టబోతున్నాడు.

"ఏం చేశారండీ?"

"కాస్త సర్దానే..."

"మోసులు అడుగున తింటాయండీ! నెత్తిమీద చల్లితే ఎలా తింటాయి?"

"నేను విప్పేస్తానక్కా!" అంటూ తమ్ముడు దూకి, వల కట్టిన గుంజను కావలించుకుని, గుంజతో సహా నీళ్లలో పడ్డాడు. మూడు గదులూ ఒకటైపోయాయి. చీటీలు తేలాయి.

బొచ్చెలు పైన మిగిలిన మేత మీద పడ్డాయి. అవి జారవిడిచిన తునకల్ని శీలావతులు అందుకున్నాయి. అడుగుకు దిగిన నలుసుల కోసం మోసులు బురద కెలికి బుడగలు లేపాయి. పావుగంటలో నీటి మీద చీటీలు తప్ప ఏమీ మిగల్లేదు. అధికారి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"విడదీస్తే ఏమవుతుందో, కలిపితే ఏమవుతుందో పక్కపక్కనే చూపించారు. ఇంత మంచి ప్రదర్శన నేనెక్కడా చూడలేదమ్మా!"

ఆమె అబద్ధమాడలేదు, అలాగని నిజాన్ని తొందరపెట్టనూ లేదు. ఆయనే గొంతు సవరించుకున్నాడు.

"ప్రదర్శన కాదండీ. ఆవిడ వద్దని చెప్పినా నేనే సర్దాను. తప్పు నాది."

"అయితే మరీ మంచిది. నాకు చూపించడానికి చేసిన పరీక్షల్ని నేను నమ్మను," అని నవ్వి, అధికారి కౌలు కాగితం మీద సంతకం పెట్టేశాడు.

ఆయన ఒప్పుకోలు మీద ఏ చీటీ అతికించాలో మాత్రం ఎవరికీ తోచలేదు. అలాంటి సరుకు ఆ ఇంటికి అంతకుముందెన్నడూ రాలేదు.