సీటుకు వేసిన సంచి

పొద్దున ఏడున్నరకు హైదరాబాదులో బస్సు దిగేటప్పటికే సుబ్బరత్నమ్మ ఆ రోజు పనంతా లెక్కగా అనుకుని ఉంది. ఎనిమిదికి ఇడ్లీ, ఎనిమిదిన్నరకు సిటీ బస్సు, పదిలోపు కంటి ఆసుపత్రి. ఉదయగిరిలో ఆమె పక్కింటి కరీంబీకి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. పది దాటితే ఆపరేషన్‌కు మళ్ళీ రెండు నెలలకు గానీ తేదీ ఇవ్వరు. ఇదివరకు రెండుసార్లు ఈ ఊరు చూసిన అనుభవంతో సుబ్బరత్నమ్మ తోడు వచ్చింది.

"ఈడ అడుగడుక్కీ దొంగలే కరీంబీ. అన్నీ ఈ సంచిలో వేసెయ్. దీన్ని నా చేతిలోంచి ఎవుడు లాగుతాడో చూస్తా."

ఆసుపత్రి కాగితాలు, ఆధార్ కార్డులు, ఫోను అందులోకి పోయాయి.

"కళ్ళద్దాలన్నా నాకియ్యక్కా. మెట్లు కనపడవు."

"పెట్టుకుంటే లాక్కోని పోతారు. నా చెయ్యి పట్టుకో."

సిటీ బస్సు స్టాపులో పక్కన నిలబడిన అమ్మాయి మంచినీళ్ళు ఇవ్వబోతే సుబ్బరత్నమ్మ అనుమానంగా చూసి వద్దంది. ఆత్మకూరు నుంచి కోడలు దివ్యశ్రీ పది నిమిషాలకోసారి ఫోన్ చేస్తూనే ఉంది. "అత్తా, సంచి పట్టుకోనే ఉండావా?"

పట్టుకునే ఉంది. అంతలో బస్సు వచ్చింది, జనం ఎగబడ్డారు. ఆత్మకూరు బస్టాండులో కిటికీలోంచి తువ్వాలో బుట్టో లోపలికి వేస్తే ఆ సీటు మనదే. దాన్ని ఎవరూ కాదనరు. నలభై ఏళ్ళ అలవాటు కొద్దీ సుబ్బరత్నమ్మ చెయ్యి లేచింది. సంచి కిటికీలోంచి పోయి సీట్లో కూర్చుంది. వీళ్ళు చుట్టూ తిరిగి వచ్చేలోగా తలుపు మూసుకుని బస్సు కదిలింది.

"అక్కా, సంచి?"

"సీట్లో ఉండాది."

"మరి మనం?"

సుబ్బరత్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుని బస్సు పోయిన దిక్కుకు పరుగెత్తింది.

బస్సులో ఆ సంచి ఎవరిదని ఒకాయన అడిగాడు. ఎవరూ నాదనలేదు. అప్పుడే సంచిలో ఏదో గణగణ మోగింది. దివ్యశ్రీ ఫోన్ చేసే వేళ అయింది మరి. బాంబని ఎవరో కేక పెట్టారు. డ్రైవరు నడిరోడ్డులో బండి ఆపేశాడు. అందరూ దిగి దూరంగా పారిపోయారు. పోలీసులు వచ్చి రోడ్డుకు రెండు వైపులా రాకపోకలు ఆపేశారు.

అల్లంత దూరం నుంచే చూసి సుబ్బరత్నమ్మ ముఖం వెలిగింది. "చూడు మే, మన సంచికి మర్యాద! సీటు కాదు, బస్సే ఖాళీ చేసినారు."

అప్పటికే పోలీసులు యంత్రంతో పరీక్షించి సంచి తెరిచారు. ఫోను మళ్ళీ మోగితే కానిస్టేబుల్ ఎత్తాడు.

"పోలీసును మాట్లాడుతున్నా. ఈ ఫోన్ ఎవరిదమ్మా?"

పోలీసులమని ఫోన్లో బెదిరించే మోసగాళ్ళ గురించి దివ్యశ్రీ రోజూ వింటూనే ఉంది. "నువ్వు పోలీసువైతే నేను కలెక్టర్ని! పెట్రా ఫోను!"

ఎస్సై జయపాల్ తల పట్టుకునేలోగా సుబ్బరత్నమ్మ జనాన్ని తోసుకుని వచ్చింది.

"ఆ సంచి నాది సార్."

"బస్సులో ఎందుకు వదిలిపెట్టావు?"

"వదిలిపెట్టలేదు సార్. సీటుకు వేసినాను."

"అంటే?"

"కిటికీలోంచి వేసినాను."

"ఎందుకు?"

"సీటుకి సార్!"

కరీంబీ మధ్యలోకి వచ్చింది. "కేసు రేపు పెట్టుకోండి సార్. పదికి నా కళ్ళు."

తొమ్మిదీ నలభై. కనుచూపు మేరలో బస్సు గానీ ఆటో గానీ కదలడం లేదు. కదలగలిగింది పోలీసు జీపు ఒక్కటే. ఈ ఇద్దరినీ తన కళ్ళముందు నుంచి పంపేయడమే అన్నిటికన్నా క్షేమమని ఎస్సైకి తోచింది. సంచి ఇచ్చి, జీపెక్కించి, సైరన్ మోగించుకుంటూ పదికి అయిదు నిమిషాలుండగా ఆసుపత్రి ముందు దింపారు.

"కూర్చోండమ్మా," అంది నర్సు కాగితాలు చూసి. "డాక్టరుగారు ఇంకా రాలేదు. ఎవరో బస్సులో సంచి పడేసి పోయారట, ఆయన కారు దారిలో ఇరుక్కుపోయింది."

సుబ్బరత్నమ్మ సంచిని ఒళ్ళోకి లాక్కుంది. "ఏం మనుషులో! ఎవరి సంచి వాళ్ళు చూసుకోవద్దా?"

కరీంబీ గట్టిగా కళ్ళు మూసుకుంది. నర్సు ఇంకా కంట్లో చుక్కలు వేయనే లేదు.