కుక్క అనే మాట లేని పేజీ

పెద్దాసుపత్రి వెబ్‌సైటులో కుక్క కాటు సూదిమందు పేజీకి ఫైలు పేరు ఖరారైందని తెలియజేయడానికి యాజమాన్యం సంతోషిస్తున్నది. పేజీలో ఏముందని అడగకండి. పేరు ఖరారైంది, చాలదా?

వెబ్‌సైటు చూసే అమ్మాయి మొదట పెట్టిన పేరు ‘కుక్క-కాటు-సూది’. కరిపించుకున్నవాడు సెర్చ్‌లో కొట్టేది ఆ మాటలే, ఫైలు పేరులో అవే ఉంటే పేజీ పైకొస్తుందని ఆమె వాదం. ఉద్యోగం పర్మనెంటు కాలేదు కాబట్టి మెల్లగానే వాదించింది.

“నా ఫొటో ఉన్న పేజీకి కుక్క పేరేమిటమ్మా?” అన్నారు సూపరింటెండెంటుగారు.

న్యాయమైన ప్రశ్న. కమిటీ కూర్చుంది. కుక్క అంటే మర్యాద కాదన్నారు. కాటు అంటే ఆసుపత్రే కరిచినట్టుందన్నారు. సూది అంటే పిల్లలు జడుసుకుంటారన్నారు. మూడు మాటలూ పోగా మిగిలిన రెండు అడ్డగీతలను ఏకగ్రీవంగా ఆమోదించారు. వాటి చుట్టూ ‘సూపరింటెండెంటుగారి-కరుణా-హస్తం’ అని తీర్మానం రాశారు.

అప్పుడే ఆ అమ్మాయికి తండ్రి ఫోను చేశాడు. ఇళ్లకు పాల ప్యాకెట్లు వేసే మనిషి. కుడిచెయ్యి కుక్క నోట్లో పడింది.

“గేటు దగ్గరున్నానే. విచారణ కిటికీ మూసేశారట, ఫోన్లో చూసుకోమంటున్నాడు వాచ్‌మన్. ఎంత కొట్టినా సూది గది రావట్లేదు.”

“కుక్క అని కొట్టకు నాన్నా. కరుణా హస్తం అని కొట్టు.”

“నన్ను కరిచింది కుక్క కదే.”

“వెనకవైపు, మెట్ల పక్క గది. నేను చెప్పానని అనకు.”

పేజీ ఎంతకీ పైకి రాలేదు. విచారణ జరిపితే తప్పు ప్రజలదని తేలింది. రక్తం కారుతూ మొరటు మాటలతో వెతుకుతున్నారు. వెంటనే వాళ్లకు శిక్షణ పెట్టారు. పేజీ కొత్త పేరు తప్పుల్లేకుండా టైపు చేసినవాడికే ఇకపై సూది. నర్సులు కూడా పని ఆపుకుని రోజంతా అదే కొట్టారు. కరుణా హస్తం అని వెతికితే మన పేజీయే మొదట వచ్చింది. ఆ పేరుతో లోకంలో మరో పేజీ లేకపోవడం వేరే సంగతి.

విజయోత్సవ సభ జరిగింది. రెండో సూది సభ అయ్యాకే అన్నారు కనుక హాలు కట్లతో నిండిపోయింది.

“ఇకపై నా కరుణ కోసం ఎవరు వెతికినా మనమే ముందు దొరుకుతాం” అన్నారు సూపరింటెండెంటుగారు. “కుక్కలు కూడా ఇది గమనించాలి.”

చప్పట్లు మోగాయి. అమ్మాయి తండ్రి కూడా కొడుతున్నాడు, కట్టు కట్టిన చేత్తోనే.

“నొప్పి లేదా నాన్నా?”

“ఎందుకుండదే? పక్కాయన ఆపితే నేనూ ఆపుదామని చూస్తున్నా.”

పక్కాయన ఈయన చేతుల వైపే చూస్తూ కొడుతున్నాడు.