అత్తమ్మకు అంటగట్టిన జబ్బులు

శ్రావణి భయం ఒక్కటే. కూతురు భాను పుట్టువెంట్రుకలు తీసే రోజున, పిల్లను ఒడిలో కూర్చోబెట్టుకోవడానికి మేనమామ లేకుండా పోతాడేమోనని. ఇద్దరు మేనమామలున్న పిల్లకు ఆ భయం దేనికని ఎవరైనా అడగొచ్చు. ఒక్కడే ఉంటే ఏ భయమూ లేదు. ఇద్దరుండడమే భయం.

పెద్దన్న మోతీలాల్ సారపాకలో ఉంటాడు. పేపర్ మిల్లులో కాంట్రాక్టు పని. చిన్నన్న రవికుమార్ గోదావరి వంతెనకు అవతల భద్రాచలంలో ఆటో నడుపుతాడు. ఒకరింటి నుంచి ఒకరింటికి ఆటోలో పది నిమిషాలు. కానీ మూడేళ్లుగా ఆ పది నిమిషాల దారి ఎవరూ తొక్కలేదు. కారణం శ్రావణి పెండ్లి ఫ్లెక్సీ. పుట్టింటి తండా మొదట్లో కట్టిన ఆ ఫ్లెక్సీ మీద మోతీలాల్ నిలువెత్తున నవ్వుతున్నాడు. రవికుమార్ మాత్రం అన్న భుజం వెనక నుంచి సగం ముఖంతో తొంగిచూస్తున్నాడు. ఫొటోలు ఇచ్చి వేయించింది మోతీలాలే. "నా మిగతా సగం ఏ సంచిల పెట్టుకున్నడో అడుగుండ్రి" అని రవికుమార్ ఆ రోజే అన్నాడు. ఆ తర్వాత అన్నతో ఏమీ అనలేదు.

ఇప్పుడు పుట్టువెంట్రుకలకు భద్రాచలం గుడికి వెళ్తే దిగేది ఎవరింట్లో? ఎవరింట్లో దిగితే ఒడి వాళ్లది. ఆ మాట ఎక్కడా రాసి లేదు గానీ తండాలో అందరికీ తెలుసు. ఒడి దక్కని వాడు జన్మలో మళ్లీ గడప తొక్కడు.

సోమవారం పొద్దున, తిరుమలాయపాలెం దగ్గరి అత్తగారి తండాలో, శ్రావణి పిల్లకు ఉగ్గు తినిపిస్తూ ఇదే అంటే, మొగుడు బలరాం ఫోను చూపించాడు. అతను కరెంటు ఆఫీసులో లైన్‌మన్.

"లాడ్జిల దిగుదాం. కింద రూమే ఉన్నది. కిటికీ తీస్తే గుట్టలు కనబడతయి. మా సారు పోయినప్పుడు స్టేటస్ పెట్టిండు, ఎంత మంచిగున్నయో."

"ఇద్దరన్నలుండంగ లాడ్జిల దిగితే నన్ను బతకనిస్తరా?"

"ఒకరింట్ల దిగితే ఇంకొకరు బతకనియ్యరు. లాడ్జిల దిగితే ఇద్దరికీ సమానం."

మాట సబబుగానే ఉంది. కావలసింది ఒక సాకు. తన మీద పెట్టుకుంటే, నౌకరీ ఉన్న మొగుడు దొరికాడని మిడిసిపడుతోందంటారు. మొగుడి మీద పెడితే అతని పరువు పోతుంది. పిల్లకు బాగాలేదని అబద్ధానికైనా నోట రాదు, అంతకంటే లాడ్జి ముందు రోడ్డు మీద పడుకోవడం నయం. మిగిలింది అత్తమ్మ. అత్త మీద పెట్టిన మాటను పుట్టింటివాళ్లు ఎన్నడూ తిరగేసి అడగరు.

అత్తమ్మ పేరు గోరి. ఆ సమయానికి ఆమె చేనులో మిరపకాయల బస్తా నెత్తిన పెట్టుకొని గట్టు ఎక్కుతోంది. అరవై రెండేళ్ల ఆమెకు మోకాళ్లనేవి ఉన్నట్టు ఎప్పుడూ గుర్తుకు రాలేదు.

మోతీలాల్ అద్దెకుండేది మేడ మీద. అందుకని శ్రావణి అతనికి, "అత్తమ్మకు మోకాళ్ల నొప్పులన్నా, మెట్లెక్కలేదు" అని చెప్పింది. రవికుమార్ ఇంటికి మెట్లు లేవు గానీ పెరటి నిండా కోళ్లు. "కోళ్ల వాసన పడదు చిన్నన్నా, ఆయాసం వస్తది" అని అతనికి చెప్పింది. రెండు ఫోన్లూ పెట్టేసి, పని ఇంత సులువా అనుకుంది. బలరాం లాడ్జిలో గది చెప్పేశాడు.

మధ్యాహ్నం మోతీలాల్ ఫోన్ చేశాడు.

"చెల్లె, మెట్ల సంగతి తెగిపోయింది. కింద పోర్షనోళ్లను బతిమాలిన. రెండు రోజులు వాళ్లు పైన, మేం కింద. మంచాలు, గ్యాసు, బీరువా అన్నీ మార్చినం. బీరువా తలుపొకటి ఊడింది, ఏం గాదు."

శ్రావణి నోరు తెరిచేలోగా రెండో అన్న ఫోను.

"ముప్పై రెండు కోళ్లు చెల్లె, ఆటోల ఏసుకొని మా అత్తగారింట్ల దించొచ్చిన. రెండు ట్రిప్పులైనయి. పెరడంత ఫినాయిలు కొట్టిచ్చిన. అత్తమ్మను ఇగ ఎంత ఊపిరి పీల్చుకుంటదో పీల్చుకోమను."

ఇంత చేసిన అన్నలకు ఏం చెప్పాలి? పెద్దన్నకు మళ్లీ ఫోన్ చేసి, అత్తమ్మకు రాత్రిళ్లు నిద్ర ఉండదని, ఇల్లంతా తిరుగుతుందని, అందరి నిద్రా పాడవుతుందని చెప్పింది. చిన్నన్నకు, కింద కూర్చునే బాత్రూం వాడొద్దని డాక్టర్ అన్నాడని చెప్పింది.

"నేను డ్యూటీ మార్పిచ్చుకుంట" అన్నాడు మోతీలాల్. "రాత్రంత ఆమెతోటి నేనే కూసుంట, ముచ్చట పెడత."

"రేపటికల్ల మేస్త్రీ వస్తడు" అన్నాడు రవికుమార్. "కమోడ్ రంగు ఏది పెట్టియ్యాలె, తెల్లదా, నీలిదా?"

ఇక ఆఖరి అస్త్రంగా ఇద్దరికీ ఒకే మాట చెప్పింది. "గుండె గూడ జర... కొంచెమే." అటువైపు ఇద్దరూ మెల్లగా ఫోను పెట్టేశారు. అన్నలు దారికొచ్చారనుకుంది శ్రావణి.

అయితే ఒక సంగతి ఆమె మరిచిపోయింది. మొగుళ్లు మాట్లాడుకోకపోయినా వాళ్ల పెండ్లాలు రోజూ మాట్లాడుకుంటారు, మొగుళ్లకు తెలియకుండా. ఆ సాయంత్రం మోతీలాల్ పెండ్లాం సరిత, రవికుమార్ పెండ్లాం రుక్మిణి ఎవరికి తెలిసిన జబ్బులు వాళ్లు ఒక్కచోట చేర్చారు.

"మాకు మోకాళ్లు, నిద్ర చెప్పింది" అంది సరిత.

"మాకు ఆయాసం, బాత్రూం. గుండె ఇద్దరికీ చెప్పింది."

రుక్మిణే మళ్లీ అడిగింది.

"అక్కా, మరి గిట్లాంటి మనిషిని బస్సుల గింత దూరం ఎందుకు తీస్కొస్తున్నరు?"

"ఎందుకేంది? పోయేలోపల మనుమరాలి పుట్టువెంట్రుకలు చూడాలని ముసలామె పట్టుబట్టి ఉంటది. శ్రావణి పాపం, పైకి చెప్పలేక గిట్ల తుకడలు తుకడలు చెప్తాంది."

బుధవారం పొద్దున్నే బస్సెక్కారు. బలరాం కొత్తగూడెం రాకముందే నిద్రపోయాడు. గోరి ఉడకబెట్టిన పల్లికాయలు ఒలిచి తింటూ, మనుమరాలికి మెత్తటి గింజ నలిపి పెడుతోంది. గొంతులో పడుతుందేమోనని శ్రావణి ప్రతి గింజనూ మళ్లీ నలుపుతోంది. సారపాక మిల్లు చిమ్నీ కనిపించేసరికి ఇక ఆగలేక అత్త చెవి దగ్గర వంగింది.

"అత్తమ్మా, మా అన్నలకు... మీకు మోకాళ్ల నొప్పులని చెప్పిన."

"ఎవరికి? నాకా?"

"ఆయాసం గూడ."

గోరి పల్లికాయ ఒలవడం ఆపింది. "ఇంకేమన్న ఉన్నదా?"

"నిద్ర పట్టదని. బాత్రూం ఒకటి. గుండె... కొంచెమే."

బస్సు వంతెన సగం దాటేదాకా గోరి మళ్లీ పల్లికాయలు ఒలిచింది. కింద గోదావరి, అవతల గుట్టలు. తర్వాత అడిగింది, "ఇన్ని రోగాలు నాకెందుకు పెట్టినవ్? మీ అమ్మకు పెట్టరాదు?"

"మా అమ్మ వాళ్లకు గూడ అమ్మే గదా అత్తమ్మా. నమ్మరు."



బస్టాండులో వాళ్ల కోసం ఎదురుచూస్తున్నది చూసి శ్రావణి బస్సు మెట్టు మీదే ఆగిపోయింది. ఒక పక్క రవికుమార్ ఆటో, వెనక సీటులో పరుపు, రెండు దిండ్లు. ఇంకో పక్క మోతీలాల్, కింద పోర్షనోళ్ల దగ్గర అడిగి తెచ్చిన చక్రాల కుర్చీతో. నడుమ తోటికోడళ్లిద్దరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకొని ఉన్నారు.

గోరి కోపంగా ఉంది. కోపంలో ఆమె ఎవరి చేయీ పట్టుకోలేదు. పెద్ద బట్టల సంచి నెత్తిన పెట్టుకొని, చంకలో భానును వేసుకొని, బస్సులోంచి ఒక్క అంగలో దిగింది.

రుక్మిణి కళ్లు తుడుచుకుంటూ సరిత చెవిలో అంది. "చూసినవా అక్కా. దీపం ఆరేముందు గిట్లనే వెలుగుతది."

ఆ మాట గోరి చెవిన పడింది. ఆమె రుక్మిణిని చూసింది. కుర్చీని చూసింది. పరుపును చూసింది. పెండ్లయిన నలభై ఏళ్లలో తన కోసం ఎవరైనా పరుపు వేసుకొని ఎదురురావడం అదే మొదటిసారి. నెత్తి మీది సంచి బలరాం చేతిలో పెట్టి, పిల్లను శ్రావణికి ఇచ్చి, నడుం మీద చేయి వేసుకొని మెల్లగా కుర్చీలో కూలబడింది.

"అవ్ బిడ్డా" అంది నీరసంగా. "ఇగ నాదేమున్నది."

కల్యాణకట్ట దారిలో కుర్చీని ఎవరు తోయాలన్నది మొదటి తగువు. అన్నదమ్ములు చెరో పిడి పట్టుకున్నారు, ఒకరి ముఖం ఒకరు చూడకుండా. కుర్చీ ఎడమకు, కుడికి పోతూ ఒక పూలబండిని తాకి, ఒక ఆవును తాకి, చివరికి మెట్ల దగ్గర ఆగింది. కుర్చీని ఎత్తక తప్పదు. మోతీలాల్ ముందు పట్టాడు, రవికుమార్ వెనక.

నాలుగో మెట్టు మీద కుర్చీ ఒరిగింది.

"జర పైకి లేపు" అన్నాడు మోతీలాల్. మూడేళ్లలో తమ్ముడితో అన్న మొదటి మాట అది.

"లేపిన. ఫ్లెక్సీల లెక్క ఈడ గూడ నువ్వే ముంగట ఉండాల్నా?"

"నీ ఫొటోల నువ్వే పక్కకు తిరిగి దిగినవ్ రా. నేనేం జేయాలె? ఉన్న సగమే ఏపిచ్చిన."

"ఇంకో ఫొటో అడిగితే నోరు అరుగుతదా?"

"అడుగుదామనే చేసిన. నీ ఫోన్ స్విచ్చాఫ్. ఆ రోజు నువ్వు చెల్లె పెండ్లి పందిరి గుంజల కోసం నాలుగూర్లు తిరుగుతున్నవ్" అన్నాడు మోతీలాల్.

రవికుమార్ కుర్చీ మీద పట్టు మార్చుకున్నాడు. ఆ రోజు ఫోన్ చార్జింగ్ అయిపోయిన మాట నిజమే. మూడేళ్లలో అది గుర్తు చేసుకోవాలని అతనికి తోచలేదు. కుర్చీ నాలుగో మెట్టు మీదే గాలిలో ఉండిపోయింది.

కొట్టుకుంటారా, కుర్చీ వదిలేస్తారా, ఒడి సంగతి ఇంతటితో సరా? శ్రావణి భానును గట్టిగా పట్టుకుంది. పైనుంచి గోరి మాట వినబడింది.

"నన్ను దించకండ్రి. గిట్లనే పట్టుకొని మాట్లాడుకోండ్రి. పైన గాలి మంచిగొస్తాంది."

ముందు నవ్వింది సరిత. తర్వాత నవ్వకుండా ఉండడం రవికుమార్ వల్ల కాలేదు. నవ్వితే చేయి జారుతుందని మోతీలాల్ పళ్లు బిగబట్టాడు, అయినా నవ్వాడు.

కల్యాణకట్టలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఒడి ఎవరిదని ఎవరూ అడగలేదు, అడిగే ధైర్యం ఎవరికీ లేదు. శ్రావణి పిల్లను దగ్గరున్న మోతీలాల్ ఒడిలో పెట్టింది. రవికుమార్ తల వంచుకున్నాడు. సగం తల అయ్యాక కత్తి చల్లగా చెవికి తగలగానే భాను కేకపెట్టి, పెద్ద మామ ఒడిలోంచి దూకి చిన్న మామ మెడ కరుచుకుంది. ఇక అక్కడి నుంచి కదలలేదు. మంగలాయన నిట్టూర్చి పీట అటు జరుపుకొని మిగతా సగం అక్కడే తీశాడు. వెంట్రుకలు పట్టిన గుడ్డకు చెరో కొసా మేనమామలే పట్టుకున్నారు. శ్రావణి కూర్చొని ఏడ్చింది. ఇది భయంతో వచ్చిన ఏడుపు కాదు.

దర్శనం అయ్యాక ఆమె కుర్చీ దగ్గరికి వచ్చి మెల్లగా అంది, "అత్తమ్మా, ఇగ లాడ్జికి పోదాం."

"లాడ్జేంది?" అంది గోరి అందరికీ వినపడేలా. "ఆఖరి రోజులల్ల మనుషుల నడుమ ఉండాలె గాని. ఇయ్యాల మోతీలాల్ ఇంట్ల ఉంట. రేపు రవి ఇంట్ల. ఆ కొత్త బాత్రూం ఏ రంగుదో చూడాలె."

"రేపు మనం ఊరికి పోవాలె గదత్తమ్మా. మిరప కోతలు..."

"గుండె జబ్బు మనిషి మిరపకాయలు కోస్తదా?" అని గోరి కోడలి వైపు జాలిగా చూసింది. అన్నలిద్దరూ కూడా చెల్లెలి వైపు చూశారు, కొంచెం కోపంగా.

బలరాం ఒక్కడే లాడ్జికి వెళ్లి, కిటికీ తీసి, గుట్టల ఫొటో తీసుకొని, స్టేటస్ పెట్టి, గది ఖాళీ చేసి వచ్చాడు.

ఇది జరిగి పదహారు రోజులు. శ్రావణి ఒక్కతే మిరపకాయలు కోస్తోంది. పిల్ల గుండు మీద ఎండ పడకుండా గట్టు మీద గొడుగు కట్టి, వరసకోసారి లేచి చూసి వస్తోంది. అత్తకు ఏ జబ్బూ లేదని చెబుదామంటే, అన్నలు మళ్లీ అలుగుతారని భయం. గోరి రెండు రోజులు సారపాకలో, రెండు రోజులు భద్రాచలంలో ఉంటోంది. ఆమెను ఆటోలో అటూ ఇటూ చేర్చడానికి అన్నదమ్ములు రెండు రోజులకోసారి మాట్లాడుకోవలసి వస్తోంది.

మీలో ఎవరికైనా ఆ వైపు పని పడితే, గోరి ఎలా ఉందో ఒకసారి చూసి రండి. బాగుందని మాత్రం ఆమె ముందు అనకండి.