క్లీనరుగారి ఇంజెక్షన్

పరుపుల కొట్టాయనకి బజారంతా కలిసి పెట్టిన పేరు క్లీనరుగారు. నిజానికి ఆయన ఏ బండికీ క్లీనరు కాదు. ట్రక్కు ఆయనింట్లోది, లైసెన్సు ఆయన జేబులోది, రోజంతా స్టీరింగు తిప్పేదీ ఆయనే. కాకపోతే పొద్దున్నే ఆ బండిని స్టార్ట్ చేసేది మాత్రం ఆయన భార్య, లెక్కల టీచరు. స్టార్ట్ చేసినవాళ్ళు డ్రైవరైతే, పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడ్డవాణ్ణి ఏమంటారో మీరే చెప్పండి.

ఆ పేరు పెట్టింది ఎదురు కొట్టు టైలరు. అతణ్ణి అందరూ కత్తెర అంటారు. గుడ్డ కన్నా ఎదుటివాడి పరువు ఎక్కువ కత్తిరిస్తాడని ఆ బిరుదు.

ట్రక్కు మామగారిది. ఆయన పోయాక కూతురికి వచ్చింది, కూతురితో పాటు అల్లుడికీ వచ్చింది. గుండ్రటి ముక్కు, పచ్చ రంగు, ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టుండే రెండు పెద్ద లైట్లు. పాత పెట్రోలు ఇంజను, దానికి గాలీ పెట్రోలూ కలిపిచ్చే పాత కార్బురేటరు.

రోజూ పొద్దున ఒకటే తంతు. ఆయన తాళం తిప్పుతాడు. బండి దగ్గుతుంది, మూలుగుతుంది, సరే పద అన్నట్టు అంటుకుంటుంది. గేటు దాకా వస్తుంది. అక్కడ ఇంట్లో ఏదో మర్చిపోయినట్టు ఆగిపోతుంది.

"ఏమోయ్!"

"వస్తున్నానండీ!"

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి సీటెక్కుతుంది. చెప్పులు విప్పి, వంగి సీటు కిందకి తోస్తుంది. స్టీరింగు మీద రెండుసార్లు తట్టి, చోక్ లాగి, తాళం తిప్పుతుంది. అంతే, బుద్ధిగా అంటుకుంటుంది. ఇక సాయంత్రం దాకా ఎన్నిసార్లు ఆపి తీసినా మారాం చేయదు.

"మా నాన్న బండి. మనసు పెట్టి అడగాలి మరి," అంటుంది దిగుతూ.

ఆయన మనసు పెట్టే అడిగాడు. చెప్పులు విప్పి అడిగాడు. స్టీరింగు తట్టి అడిగాడు. ఒకరోజు ఆవిడ చెప్పులే తెచ్చి సీటు ముందు పెట్టి అడిగాడు. బండి గేటు దాకా వచ్చింది, ఆగింది. ఆ రోజు అదే వీధిలో ఉండే కత్తెర పళ్ళు తోముకుంటూ అంతా చూశాడు.

అలాంటి కత్తెర ఒకరోజు కొట్టుకొచ్చి, "ఆదివారం గ్రౌండులో పాత బండ్ల ప్రదర్శనట. మీ ట్రక్కు తెస్తారా?" అని అడిగాడు.

"తేకేం?"

"టీచరుగారిని కూడా అడిగి చెప్పండి. ఆవిడ లేకపోతే తాడేసి లాక్కురావాలి."

పరుపులాయనకి ఒళ్ళు మండింది. "నేనొక్కణ్ణే స్టార్ట్ చేసుకుని, నేనొక్కణ్ణే నడుపుకుంటూ వస్తా. ఆ తర్వాత నన్నెవడైనా క్లీనరంటే మర్యాదగా ఉండదు!"

"వస్తే ఆ మాట నా నోట మళ్ళీ రాదు. రాలేకపోతే మాత్రం మీ కొట్టు బోర్డు మీద క్లీనరుగారి పరుపులు అని నేనే రాయిస్తా."

బజారు మొత్తం విన్నది. ఇక వెనక్కి తగ్గడానికి లేదు.

ఆ సాయంత్రం ఆయన బుర్రలో ఒక ఉపాయం మెరిసింది. కార్బురేటరు పీకేసి ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టించేస్తే! చోక్ ఉండదు, తట్టడం ఉండదు, మామగారి కూతురి అవసరమూ ఉండదు. తాళం తిప్పితే కంప్యూటరే ఎంత గాలికి ఎంత పెట్రోలో లెక్కేసి కొడుతుంది. తన తెలివికి తనే మురిసిపోయాడు. నిజానికి ఈ మాట పోయిన ఏడాది భార్యే అంటే, "పాత బండి అందమంతా పాతగా ఉండటంలోనే ఉందోయ్, నీకు తెలీదు," అని ఆయనే కొట్టిపారేశాడు. అది మాత్రం గుర్తు రాలేదు.

కాలం కలిసొచ్చింది. ఆవిడకి బడి సెలవులు, అక్కగారింటికి ప్రయాణం. శనివారం సాయంత్రానికి తిరిగొస్తుంది.

"బండి ముట్టుకోకండి. కావాలంటే తుడవండి," అంది బయల్దేరుతూ.

"నాకేం పని దాంతో? నువ్వు నిదానంగా రా. ఇంకో వారం ఉండి రా, నాకేం ఇబ్బంది లేదు."

ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

ఆవిడ వీధి మలుపు తిరగ్గానే ఆయన మెకానిక్కుకి ఫోన్ చేశాడు. ఆ మెకానిక్కు పేరు చూద్దాం. అవుతుందా అంటే చూద్దాం, ఎప్పుడవుతుందంటే చూద్దాం. మామగారి దగ్గరే పని నేర్చుకున్నవాడు. టీచరుని చెల్లెమ్మా అని, ఈయన్ని బావగారూ అని పిలుస్తాడు.

"బావగారూ, చెల్లెమ్మకి తెలుసా?"

"తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను? రహస్యం. నీకూ నాకూ మధ్యే."

"చూద్దాం," అన్నాడు చూద్దాం.

బండిని తాడు కట్టి షెడ్డుకి లాక్కెళ్ళారు. లాగబడుతున్న బండిలో స్టీరింగు పట్టుకుని కూర్చున్న పరుపులాయన కత్తెర కొట్టు ముందు నుంచి పోతూ, తానే నడుపుతున్నట్టు హారను కొట్టాడు.

షెడ్డులో పని మొదలైంది. కార్బురేటరు దిగింది. దాని చోట పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లున్న కొత్త భాగం ఎక్కింది. పొగ గొట్టానికి ఒక సెన్సరు, డాష్‌బోర్డు కింద ఒక కంప్యూటరు డబ్బా వచ్చాయి. ముందు బానెట్ కింద ఒక చిన్న ట్యాంకు పెట్టారు. వెనక పెద్ద ట్యాంకులోంచి పెట్రోలు ముందు ఇందులోకి వచ్చి నిండుతుంది, ఇక్కణ్ణుంచి గట్టి పంపు దాన్ని ఇంజెక్టర్లలోకి తోస్తుంది.

చూద్దాంతో ఒకటే చిక్కు. ఏ పని మొదలెట్టబోయినా, "ఒక్క నిమిషం బావగారూ, ఫోన్," అని బయటికి పోతాడు. వేపచెట్టంత మనిషి, బయట నిలబడి వినయంగా తలూపుతాడు. సామాన్ల కొట్టువాడితో ఇంత మర్యాదేమిటా అనుకున్నాడు పరుపులాయన.

"వెనక ట్యాంకు నుంచి వచ్చే పాత గొట్టం కూడా మార్చేద్దామా?" అని అడిగాడాయన.

"ఒక్క నిమిషం, ఫోన్." వెళ్ళొచ్చాడు. "పాతది బాగానే ఉంది బావగారూ. ఉండనిద్దాం. గురువుగారు వేసిన గొట్టం."

"సరే, నీ ఇష్టం."

ఆ పని ఈ పని అయ్యాక మధ్యాహ్నం భోజనం చేసి, పరుపులాయన షెడ్డులో ఓ పాత సీటు మీద వాలాడు. పరుపుల వ్యాపారి కదా, మెత్తగా ఏది కనిపించినా నాణ్యం చూడాలి. నాణ్యం బాగానే ఉందని గుర్రు పెట్టి మరీ తేల్చాడు. చూద్దాం ఇంకేవో వైర్లు లాగుతూనే ఉన్నాడు.

సాయంత్రం ఆయన భయంభయంగా తాళం తిప్పాడు. జుయ్‌మని పంపు చప్పుడు, ఆ వెంటనే ఇంజను. దగ్గు లేదు, మూలుగు లేదు. ఆయనకి కళ్ళల్లో నీళ్ళొచ్చినంత పనైంది. మర్నాడు పొద్దున ఇంటి దగ్గర తిప్పాడు, అంటుకుంది. ఆ మర్నాడూ అంటుకుంది. ఎవరూ చూడనప్పుడు కూడా ఊరికే తిప్పి, ఆపి, మళ్ళీ తిప్పి ఆనందించాడు.

శనివారం సాయంత్రం ఆవిడ వచ్చింది. సంచి లోపల పెట్టి, అలవాటు ప్రకారం ట్రక్కు దగ్గరికి నడిచింది. రాత్రికి కిటికీలెత్తి తలుపులు వేయడం ఎప్పుడూ ఆవిడ పనే.

"నేనేస్తాలేవోయ్, అలిసిపోయొచ్చావు!"

"ఎంతసేపండీ," అంది ఆవిడ, బండెక్కి, కిటికీలెత్తి, తలుపులు వేసి వచ్చింది. చోక్ ఉండాల్సిన చోట ఖాళీ కన్నముంటే కనబడలేదా? కనబడలేదు కాబోలు, ఏమీ అనలేదు. పరుపులాయన ఊపిరి పీల్చుకున్నాడు.

ఆదివారం పొద్దున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెంటు పూసుకుని తాళం తిప్పాడు. జుయ్. అంటుకుంది.

ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. "అరె, నన్ను పిలవకుండానే లేచిందే!"

"ఇక రోజూ లేస్తుంది. ఇంజెక్షన్ చేయించా."

"జ్వరమొచ్చిందా పాపం?"

"వేళాకోళాలొద్దు. నువ్వు నెమ్మదిగా నడిచి రా. బండి ముందెళ్తుంది."

"అలాగే. జాగ్రత్తగా వెళ్ళండి," అంది ఆవిడ గొడుగు వెతుక్కుంటూ.

బండి గేటు దాటింది! పరుపులాయన ఒక్క కేక పెట్టాడు. వీధి దాటింది, బజారు దాటింది. గ్రౌండు గేటు కనబడుతోంది. అక్కడ కత్తెరా, బజారు జనమూ నిలబడి ఉన్నారు. ఆయన హారను మీద చెయ్యి వేశాడు. హారను మోగింది, ఇంజను ఆగింది.

సరిగ్గా గేటుకి అడ్డంగా ఆగింది. వెనక ఒక పాత కారు, దాని వెనక ఇంకో పాత కారు, అన్నీ హారన్లు మొదలెట్టాయి.

తాళం తిప్పాడు. జుయ్ అంటుంది తప్ప అంటుకోదు. చెప్పులు విప్పాడు. స్టీరింగు తట్టాడు. "మామగారూ, మీకు దణ్ణం పెడతా, ఈ ఒక్కసారికి!" అని గుసగుసలాడాడు. మామగారు పలకలేదు.

"క్లీనరుగారూ, తొయ్యమంటారా?" అని అరిచాడు కత్తెర. తోశారు. బండి కదిలి ఇంకా అడ్డంగా నిలబడింది. దాంతో లోపలున్న బండ్లు కూడా బయటికి రాకుండా అయ్యాయి. ప్రదర్శన పెట్టినాయన మైకులో, "పచ్చ ట్రక్కు వారు దయచేసి పక్కకి తప్పుకోగలరు," అని మొదలెట్టి, కాసేపటికి దయచేసి మానేశాడు.

అప్పుడొచ్చింది లెక్కల టీచరు, గొడుగేసుకుని, పిల్లలకి పరీక్ష పేపర్లిచ్చి వరసల మధ్య తిరుగుతున్నంత తీరుబడిగా.

"జరగండి," అంది.

ఆయన పక్క సీట్లోకి జరిగాడు. ఆవిడ ఎక్కింది, చెప్పులు విప్పింది, వంగి సీటు కిందకి తోసింది. తాళం సగం తిప్పి కాసేపు ఆగింది. తర్వాత పూర్తిగా తిప్పింది. ఇంజను అంటుకుంది.

జనం చప్పట్లు కొట్టారు. కత్తెర పరుగెత్తుకొచ్చి, "క్లీనరుగారూ, డోరు సరిగ్గా వేసుకోండి," అన్నాడు.

కానీ పరుపులాయన వినడం లేదు. ఇన్నేళ్ళలో ఆయన ఎప్పుడూ కిందనే నిలబడి చూశాడు. పక్క సీట్లోంచి చూడటం ఇదే మొదలు. చెప్పులు పెట్టిన చెయ్యి ఉత్తినే తిరిగి రాలేదు. ఏదో తిప్పి వచ్చింది.

"ఏమిటది?"

"ఏది?"

"సీటు కింద!"

"ఓ, అదా? పెట్రోలు ట్యాపు. నాన్న పెట్టించాడు. ఎవరూ చెప్పకుండా బండి తీసుకుపోకుండా. రాత్రి కట్టేస్తా, పొద్దున తిప్పుతా."

ఆయన వంగి సీటు కిందకి చూశాడు. గొట్టంలో మిగిలిన కాస్త పెట్రోలుతో గేటు దాకా వచ్చేదన్నమాట. ఈ పూట చిన్న ట్యాంకు పుణ్యాన గ్రౌండు దాకా వచ్చింది.

"అయితే... ఆ కార్బురేటరుకి ఏ రోగమూ లేదా?"

"లేదు."

"ఇన్నేళ్ళూ నన్ను వెర్రివాణ్ణి చేశావా?"

"బండి చేతికొస్తే తెల్లారకముందే, నాకు మాటైనా చెప్పకుండా, ఎవరు పరుపడిగినా, బీరువా అడిగినా మోసుకుంటూ ఊళ్ళమ్మట పోయేవారు. ఎక్కడికెళ్ళారో తెలిసేది కాదు." ఆవిడ గ్రౌండులోకి నెమ్మదిగా తిప్పుతూ అంది. "పైగా పొద్దున లేచింది మొదలు మీకు కొట్టు ధ్యాసే. బండి ఆగితేనే కదా, నన్ను పిలిచేది."

ఆయన కోపం కొంచెం తగ్గింది. తగ్గిందని ఒప్పుకోవడం ఇష్టం లేక కిటికీ వైపు తిరిగాడు.

"మరి ఇంజెక్షన్ సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"చూద్దాం అన్నయ్య ఫోన్ చేసినప్పుడు. ప్రతి పనికీ నన్నడిగే చేశాడు పాపం. షెడ్డులో ట్యాపు తిప్పిందీ నేను చెబితేనే. పోయినేడు నేనడిగితే మీరు వద్దన్నారుగా. మీ అంతట మీరే చేయిస్తుంటే నేనెందుకు కాదంటాను? బలే మెత్తగా పోతోంది కదండీ! రేపట్నుంచి బడికి దీన్లోనే వెళ్తా. మిమ్మల్ని కొట్టు దగ్గర దింపేస్తాలెండి."

ఆ రోజు పచ్చ ట్రక్కుకి బహుమతి వచ్చింది. డ్రైవరుకి పూలగుత్తి ఇచ్చారు. పట్టుకోమని ఆవిడ పక్క సీటుకి అందించింది.

రాత్రంతా పరుపులాయన ఒకటే ఆలోచించాడు. ఉండనీ, రహస్యం ఇప్పుడు తనకీ తెలుసు. సోమవారం పొద్దున ఆవిడ వంటింట్లో ఉండగానే పిల్లిలా వెళ్ళి సీటెక్కాడు. సీటు కింద చెయ్యి పెట్టి ట్యాపు తడిమాడు. విచిత్రం, తెరిచే ఉంది! నవ్వుకుంటూ తాళం తిప్పాడు.

జుయ్ లేదు. పంపు చప్పుడే లేదు. మళ్ళీ తిప్పాడు. బండి కిమ్మనలేదు.

షెడ్డులో తాను నిద్రపోతుంటే చూద్దాం లాగిన వైర్లు ఆయనకి అప్పుడు గుర్తొచ్చాయి. ఆ పంపుకి ఎక్కడో ఒక స్విచ్చుంది. డాష్‌బోర్డు కింద వెతికాడు, సీటు వెనక వెతికాడు, చివరికి తలకిందులుగా పడి పెడల్స్ వెనక కూడా వెతికాడు.

వంటింటి కిటికీలోంచి గొంతు వినిపించింది. "ఏమండీ, పిలిచారా?"

"ఇంకా లేదు," అన్నాడాయన, పెడల్స్ మధ్య నుంచి.

"సరే, పిలిచాక వస్తాను."

ఆయన మెల్లగా లేచి కూర్చున్నాడు. చొక్కా దులుపుకున్నాడు. డ్రైవరు సీట్లోంచి దిగి, బండి చుట్టూ తిరిగి వచ్చి, పక్క సీటెక్కి తలుపు వేసుకున్నాడు.

"ఏమోయ్!" అని పిలిచాడు.