నిండు బిందెల స్వాగతం

ఆ ఉదయం భీమేశ్వరరావు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. వీధి పొడుగునా ఖాళీ బిందెలు వరసగా పెట్టాలి, మునిసిపాలిటీ పెద్ద ఆఫీసరు వచ్చి చూడాలి, చూసి జాలిపడాలి. అంతే.

దేశ రాజధానిలో జనక్‌పురి దాటాక కొత్తగా లేచిన ఆ కాలనీకి ఇళ్ళొచ్చాయి, జనమొచ్చారు, ఎమర్జెన్సీ కూడా వచ్చి వెళ్ళిపోయింది. మంచినీళ్ళ పైపు మాత్రం రాలేదు. ట్యాంకరు వస్తే వీధిలో యుద్ధం, రాకపోతే ఇంట్లో యుద్ధం. భీమేశ్వరరావు కాలనీ సంఘం కార్యదర్శి కనుక రెండింటిలోనూ దెబ్బలు ఆయనకే. ఈసారి పైపు నిధులు తప్పిపోతే మళ్ళీ వచ్చే పంచవర్ష ప్రణాళికే. ఆయన భార్య రాజేశ్వరమ్మ అన్నాళ్ళు ఆగే మనిషి కాదు.

"పైపు రాకపోతే నేను కాకినాడ పోతానంతే. మీరూ మీ సంఘమూ వండుకు తినండి."

"ఇవాళతో తేలిపోతుందే! అందరికీ చెప్పు, చుక్క నీరు కనపడకూడదు," అంటూ ఆయన జీపుకు దారి చూపించడానికి మెయిన్ రోడ్డు మీదికి పరుగెత్తాడు. అక్కడ నిలవలేడు, కూర్చోలేడు. ఎక్కడ దుమ్ము లేచినా జీపే అనుకుని ఉలిక్కిపడ్డాడు.

ఇక్కడ రాజేశ్వరమ్మ బిందెలు వరసగా పెట్టి, ఒక్కసారి చూసుకుని, గుండెమీద చెయ్యేసుకుంది.

"అయ్యో రామ! శుభమా అని వస్తున్న మనిషికి ఖాళీ బిందెలు ఎదురు పెడతామా నాగేంద్రమ్మగారూ? ఇక పనైనట్టే!"

"నేనూ అదే అనుకుంటున్నా. మగాళ్ళకేం తెలుసమ్మా శకునాలు!" అంది పక్కింటి నాగేంద్రమ్మ.

రాజేశ్వరమ్మ తాగడానికి దాచుకున్న నీళ్ళన్నీ తెచ్చి బిందె నింపింది. నాగేంద్రమ్మ ఊరుకుంటుందా? రెండు నింపింది. ఎదురింటి కౌర్ ఆంటీ ఇదేదో మద్రాసీల పూజ కాబోలనుకుని, "ఠైరో దీదీ!" అని వాళ్ళను ఆగమంటూ నీళ్ళ డ్రమ్ము ఈడ్చుకొచ్చింది. బిందెలు నిండాక ఎండిన వాకిళ్ళు బోసిగా కనపడ్డాయి. కళ్ళాపి చల్లేశారు. ముగ్గులు కూడా పెట్టేశారు.

"గొంతు తడుపుకోవడానికి చుక్క లేదు సార్," అని భీమేశ్వరరావు ఆఫీసరు పక్కన కూర్చుని హిందీలో మొరపెట్టుకుంటుండగానే జీపు వీధిలోకి తిరిగింది. నిండు బిందెలు ఎండలో తళతళలాడాయి. ఆఫీసరు మల్హోత్రా కిందికి దిగాడు. కళ్ళాపి బురదలో కాలు జర్రున జారి, ముగ్గు మధ్యలో కూలబడ్డాడు.

"అయ్యయ్యో, పాపం!" అంటూ బురద కడగడానికి నలువైపుల నుంచీ చెంబులు వచ్చాయి. కౌర్ ఆంటీ ఏకంగా బకెట్టే కుమ్మరించింది.

"పొయ్యకండమ్మా! తాగే నీళ్ళు అవి!" భీమేశ్వరరావు ఏడుపు గొంతుతో అరిచాడు. ఆ తెలుగు మల్హోత్రాకు అర్థం కాలేదు.

"బస్, రావ్ సాబ్, ఇక చాలు!" అన్నాడు ఆయన ప్యాంటు పిండుకుంటూ. "మీ కాలనీ అసలు ప్రాబ్లెమ్ అర్థమైంది. నెల తిరక్కుండా పని మొదలెట్టిస్తా."

"చూశారా శకునం!" అంది రాజేశ్వరమ్మ. ఆ పూట ఎవరింట్లోనూ కాఫీకి కూడా నీళ్ళు లేవు. అయినా ఎవరూ సణగలేదు.

అన్నట్టే కూలీలు వచ్చారు. రాజేశ్వరమ్మ కొబ్బరికాయ కొట్టింది. వీధి తవ్వారు. తీరా చూస్తే లారీలోంచి పైపులకు బదులు ఇటుకలు దిగాయి.

"యే క్యా హై భయ్యా?" అన్నాడు భీమేశ్వరరావు.

"నాలీ, సాబ్. మురుగు కాలువ. ఇక్కడ నీళ్ళు ఎక్కువై మనుషులు జారిపడుతున్నారని పెద్ద సాబ్ రాశారట," అన్నాడు మేస్త్రీ.

రాజేశ్వరమ్మ మళ్ళీ కాకినాడ ఊసెత్తలేదు. శకునం తనదాయె.

కాలువ దివ్యంగా కుదిరింది. ఆ కాలనీలో ఎన్నడూ తడవని చోటు అదొక్కటే.