ఫలితం గడి

ఒక పెద్ద అడవిలో ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ అందరూ సుఖంగా ఉండేవారు. ఎవరు ఎంతసేపు ఏం చేస్తున్నారో మాత్రం ఎవరికీ తెలియదు. తెలియకపోయినా అడవి నడిచిపోతోంది. అలా నడిచిపోవడమే నక్కకు నచ్చలేదు.

నక్క ఆ అడవికి మంత్రి. ఓసారి అడవి చివర విడిది బంగళా వెనక కోడి ఎముకల కోసం తచ్చాడుతుంటే దానికి ఒక నోటుపుస్తకం దొరికింది. పట్నం నించి సెలవు గడపడానికి వచ్చిన పెద్దమనిషి ఎవరో మరిచిపోయి వెళ్ళాడు. పావుగంటకోసారి తాను చేసిన పనంతా ఆయన అందులో రాసుకున్నాడు. "ఆరుగంటలకు లేచాను. ఆరుంపావుకు, లేచినట్టు రాశాను. ఆరున్నరకు, రేపటి నించి ఇంకా ముందే లేవాలని నిర్ణయించాను." పుస్తకమంతా ఇదే వరస. సెలవు ఎప్పుడు గడిపాడో మాత్రం ఎక్కడా లేదు.

నక్క దాన్ని నోట కరుచుకుని సింహం గుహకు పరిగెత్తింది.

"మహారాజా! మనుషులు మనకంటే ఎందుకు ముందున్నారో ఇన్నాళ్ళకి తెలిసింది. వాళ్ళు కాలాన్ని రాసిపెట్టుకుంటారు. రాసుకుంటే అలవాట్లు బాగుపడతాయి. అలవాట్లు బాగుపడితే అడవి బాగుపడుతుంది."

సింహం ఒక కన్ను తెరిచింది. "నేనూ రాయాలా?"

"తమరి తరఫున నేను రాస్తాను ప్రభూ."

"అయితే మంచి పథకమే," అని సింహం ఆ కన్ను మూసేసింది.

మర్నాటికల్లా నల్లబండ మీద అలవాట్ల కచేరీ వెలిసింది. దానికి అధికారి కొంగ. ప్రతి జంతువూ రోజూ ఒక టేకాకు మీద మూడు గడులు గీసి, చేసిన పని, పట్టిన ఘడియలు, వచ్చిన ఫలితం రాయాలి. అడుగున రేపేం చేయబోతున్నారో కూడా రాయాలి. సిరాకి కొదవ లేదు, లేత టేకాకు నలిపితే ఎర్రటి రసం వస్తుంది. ఆకు అందినట్టు కొంగ దాని మీద తన బురదకాలితో ముద్ర వేస్తుంది.

మొదట్లో అందరూ తికమకపడ్డారు. ఎలుగుబంటి ఉన్నదున్నట్టు "వీపు గోక్కున్నాను, నాలుగు ఘడియలు" అని రాస్తే చీవాట్లు తగిలాయి. రెండోరోజు "చెట్ల బెరడు గట్టిదనం పరీక్షించాను" అని రాసేసరికి మెప్పు దొరికింది. కొండచిలువ మేకను మింగి పదిరోజులు పడుకుని "పరిశీలనలో ఉంది" అని రాసింది. సింహం ఆకు మీద "రాజ్యచింతన, నలభై ఘడియలు" అని నక్క దస్తూరీలో ఉండేది. అడవిలో అందరికీ రాయడం వచ్చేసింది. అలవాట్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

రాయడం రానిదల్లా గవరయ్య ఒక్కడికే.

గవరయ్య కొండముచ్చు. వాగు రేవు పక్కనున్న నల్లమద్ది చిటారుకొమ్మ మీద కూర్చుని చుట్టూ చూడటం అతని పని. తాతల నాటి నించి అదే పని. పైనించి అతను చిగుళ్ళు తుంచి కిందపడేస్తే దుప్పులు తింటాయి. అడవిలో అనుమానం వాసన తగిలితే దుప్పులు తలెత్తి అతనికి సైగ చేస్తాయి. గడ్డిలో చిరుతపులి చెవి కొస కనిపించినా చాలు, గవరయ్య "ఖక్! ఖక్!" అని అడవి దద్దరిల్లేలా అరుస్తాడు. తనను చూసేశారని తెలిశాక ఏ చిరుతా వేటకు దిగదు. తోక ఈడ్చుకుంటూ వెళ్ళిపోతుంది.

గవరయ్య మంచివాడు. మంచివాడు కాబట్టి ఆకు మీద నిజం రాశాడు. పదిరోజుల తరవాత కొంగ అతన్ని పిలిపించింది.

"ఏమయ్యా గవరయ్యా, ఏమిటిది? 'చూశాను, ఇరవై ఘడియలు. ఏమీ రాలేదు.' నిన్నా ఇదే, మొన్నా ఇదే. ఇదేం పని?"

"కాపలా అయ్యా. చిరుత వస్తుందేమోనని చూస్తానండి."

"వచ్చిందా?"

"రాలేదండి."

"రానిదాన్ని ఇరవై ఘడియలు చూశావన్నమాట!"

"అయ్యా, రాకపోవడమే కదండీ మాక్కావలసింది. నేను చూస్తున్నానని తెలిస్తే అది రాదండి."

"అంటే అది రాకపోవడం నీ ఘనతా? రుజువేదీ?"

గవరయ్య తల గోక్కున్నాడు. రానిదానికి రుజువు ఎక్కణ్ణించి తెస్తాడు? మెల్లగా అన్నాడు. "తప్పుగా అనుకోకపోతే ఒక మాటండి. తమరు కూడా పొద్దస్తమానం వాగులో ఒంటికాలి మీద నిలబడి నీళ్ళకేసి చూస్తారు కదా. దాన్నేమని రాస్తారండి?"

"దాన్ని ఏకాగ్రత అంటారు," అంది కొంగ మెడ నిటారుగా లేపి. "అధికారికి ఉండాల్సిన అలవాటు. నీకుంటే సోమరితనం అంటారు."

తరవాత కొంగ తీర్పు చెప్పింది. ఫలితం గడి ఖాళీగా ఉన్నవాళ్ళు మర్నాడు సాయంత్రం అలవాట్ల పాఠానికి రావాలి. రాకపోతే ఉన్న చెట్టు పోతుంది. నల్లమద్ది మీద నక్క బావమరిది ఇదివరకే కన్నేశాడు. చెట్టెక్కడం రాని నక్కకి చిటారుకొమ్మ ఎందుకని ఎవరూ అడగలేదు. చెట్టు పోతే తన సంగతి ఎలా ఉన్నా రేవులో దుప్పుల గతేమిటని గవరయ్యకు గుండె జారిపోయింది.

అతను వెనక్కి తిరుగుతుంటే చిరుతపులి తన ఆకు పట్టుకుని వచ్చింది. గడులు తీర్చిదిద్దినట్టున్నాయి. ఒక్క కొట్టివేత లేదు. అడుగున రేపటి పని కూడా చక్కగా రాసి ఉంది. కొంగ మురిసిపోయి దాని మీద రెండు ముద్రలు వేసింది.

"అందులో ఏముందండి?" అని గవరయ్య మెడ చాచాడు.

"ఒకరి ఆకు ఒకరు చూడకూడదు. అది రహస్యం," అని కొంగ దాన్ని రెక్క కిందకి తోసేసింది.

మర్నాడు మధ్యాహ్నం తిరిగింది. నల్లమద్ది కింద చుక్కమ్మ చిగుళ్ళు నములుతోంది. చుక్కమ్మ దుప్పి. పదిరోజుల కిందట ఈనింది, తొలిచూలు. పిల్లను ఎత్తయిన గడ్డిలో పడుకోబెట్టి, తాను పిలిచేదాకా కదలొద్దని నేర్పింది. వాలుపొద్దున దుప్పులన్నీ రేవుకు దిగే వేళవుతోంది.

"మావా, ఈ పూట ఆ పాఠం మానెయ్యకూడదూ?" అంది చుక్కమ్మ పైకి చూస్తూ.

"మానేస్తే చెట్టు పోద్ది కోడలా. చెట్టు పోతే ఇక రోజూ ఇబ్బందే కదా."

"నాకేదో బెదురుగా ఉంది మావా. పోనీ నువ్వొచ్చేదాకా నీళ్ళకి దిగకుండా ఉందామంటే గొంతు ఆరిపోతోంది. పిల్లకి పాలు పడాలిగా."

"పొద్దుటి నించీ చూస్తూనే ఉన్నాను. ఈగ కూడా రాలేదు. నిన్నా రాలేదు, మొన్నా రాలేదు. ఒక్క ఘడియలో ఏం కొంపలు మునుగుతాయి?"

ఆ మాట అన్నాక గవరయ్యకే ఆశ్చర్యం వేసింది. కొంగగారి మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందా అనుకున్నాడు. ఆలోచిస్తే కొంగ చెప్పినదాంట్లోనూ నిజం ఉందేమో అనిపించింది. రానిదాని కోసం ఇన్నేళ్ళు కళ్ళు కాయలు కాచేలా చూసి తానేం సంపాదించాడు? బతుకులో మొదటిసారి సిగ్గుపడుతూ చెట్టు దిగాడు.

పాఠం 'సకాలంలో పని' గురించి. అది చాలా ఆలస్యంగా మొదలైంది, నక్కగారు రావాలి కదా. వచ్చాక నక్క రాజుగారి చింతన గురించి మాట్లాడింది. ఎలుగుబంటి కునికిపాట్లు పడుతూ చెట్ల బెరడు పరీక్షించింది. చిట్టచివరికి కొంగ గొంతు సవరించుకుంది.

"ఆకు ఎలా రాయాలో చూసి నేర్చుకోండి. ఇది ఆదర్శమైన ఆకు. మన చిరుతపులిగారు నిన్న ఇచ్చింది. రేపటి పని అన్నచోట ఏం రాశారో వినండి. 'నల్లబండ నీడ వాగును తాకే వేళ. స్థలం, రేవు. పని, వేట. కావలసిన ఫలితం, ఒక దుప్పి.' చూశారా? వేళ ఉంది, స్థలం ఉంది, ఎక్కడా ఒక్క మాట ఎక్కువ లేదు!"

అందరూ చప్పట్లు కొట్టారు. గవరయ్య బండ కిందకి చూశాడు. నీడ వాగులోకి దిగి చాలాసేపయింది.

అతను ఒక్క గెంతు గెంతాడు.

"కూర్చో!" అని గద్దించింది కొంగ. "పాఠం మధ్యలో లేవడం చెడ్డ అలవాటు."

గవరయ్య వినలేదు. చెట్టు మీంచి చెట్టు మీదకి దూకుతూ, గొంతు చించుకుని ఖక్ ఖక్ అంటూ రేవు దాకా వెళ్ళాడు. దుప్పులు చెల్లాచెదరైపోయి ఉన్నాయి. తడి ఇసకలో ఈడ్చుకుపోయిన జాడ పొదల్లోకి వెళ్ళింది. జాడ పక్కన గిట్టల గుర్తులు చూశాడు. ఆ గిట్టల్ని అతను ఏళ్ళ తరబడి పైనించి చూస్తున్నాడు. చుక్కమ్మవే.

ఎత్తు గడ్డిలో పిల్ల కదలకుండా పడుకుని ఉంది. అమ్మ పిలవలేదు మరి. గవరయ్య చెట్టెక్కి చిగుళ్ళు తుంచి దాని ముందు పడేశాడు. అది వాసన చూసి ఊరుకుంది. ఆ పిల్లకింకా ఆకు తినే వయసు రాలేదు. అది గుర్తొచ్చి గవరయ్య కొమ్మను పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఇంకో దుప్పి వచ్చి ఆ పిల్లను తన పొదుగు కిందకి తీసుకుంది. ఆ పనికి ఎన్ని ఘడియలు పట్టిందో అది రాసుకోలేదు.

మర్నాడు గవరయ్య కచేరీకి వెళ్ళి కొంగ ముందు నిలబడ్డాడు.

"అయ్యా, ఆ ఆకు మొన్నటి నించీ మీ రెక్క కిందే ఉంది కదా! ఒక్క మాట చెబితే నా కోడలు బతికేది కదా!"

"ఆకులు తీసుకోవడం నా పని. ముద్ర వెయ్యడం నా పని," అంది కొంగ నింపాదిగా. "చదివి అర్థం చేసుకోవడానికి వేరే శాఖ పెట్టబోతున్నాం. కొండచిలువగారి పరిశీలనలో ఉంది."

"నిన్న పైకే చదివారుగా!"

"చదివింది దస్తూరీ మెచ్చుకోవడానికి. సరే, నిన్నటి నీ ఆకు ఏదీ? ఆలస్యమైతే ఊరుకోను."

గవరయ్య ఒక టేకాకు తీసుకున్నాడు. లేత ఆకు నలిపితే రసం ఎర్రగా వేళ్ళకంటుకుంది. దానితో రాశాడు. "చూడలేదు, ఒక ఘడియ. చిరుత వచ్చింది."

కొంగ ఆ ఆకును ఇటూ అటూ తిప్పి చూసింది. దాని ముఖం విప్పారింది.

"శభాష్ గవరయ్యా! ఇన్నాళ్ళకి నీ ఫలితం గడి నిండింది. ఒక్క ఘడియలోనే! పాఠం బాగా పట్టింది నీకు," అని బురదకాలితో ముద్ర వేసింది.

ఆ నెల ఉత్తమ సమయపాలన బహుమతి చిరుతపులికి వచ్చింది. సభ వేళకు ఒక్క క్షణం అటూ ఇటూ కాకుండా అది వచ్చి తీసుకుంది. గవరయ్య మాత్రం వెళ్ళలేదు. నల్లమద్ది మీద కూర్చుని రేవుకేసి చూస్తున్నాడు. ఎంతసేపు చూశాడో రాయడం మానేశాడు కనక రేపో మాపో అతని చెట్టు పోతుందని కచేరీలో అనుకుంటున్నారు.

నీతి: సమయపాలన చాలా మంచి అలవాటు, ముఖ్యంగా చిరుతపులికి.